బెట్టకు ముందే నేలను సిద్ధం చేయడం: అనంతపురం వేరుశనగలో వామ్ శిలీంద్రం వాడే పద్ధతి

అనంతపురంలో ఏటా కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లే అయినా, వేరుశనగను ఎక్కువగా దెబ్బతీసేది ఆ కొరత కాదు; ఊడలు (పూత తరువాత నేలలోకి దిగి కాయ కట్టే కాడలు) దిగి కాయ ఊరే రోజుల్లో వాన వారాల తరబడి ముఖం చాటేయడం. లోతు లేని ఎర్ర నేల అన్నాళ్ళు తేమను నిలుపుకోలేదు. అక్కడ, మొక్కల వేళ్ళతో పొత్తు పెట్టుకుని బతికే వామ్ (మైకోరైజా) శిలీంద్రం తోడ్పడుతుంది గాని, నేలను బాగుచేయకుండా దాన్ని చల్లితే డబ్బు దండగే.

వేసవిలోనే చెరువు మట్టి తోలి పలుచగా పరచాలి. అందులోని బంకమన్ను, ఒండ్రు తేమను పట్టి ఉంచుతాయి. అయితే తోలే ముందు ఉప్పు శాతం పరీక్ష చేయించాలి. ఎకరాకు 4 టన్నుల పశువుల ఎరువు వేయడం, లేదా చేనులో గొర్రెల మందను ఉంచడం, మరింత మేలు. మాగని ఎరువు వేస్తే వేరుపురుగును పిలిచినట్టే.

వామ్ బతికి ఉన్న వేరు లేనిదే పెరగదు. వేరులోకి చొచ్చుకుపోయి, మొక్క నుంచి చక్కెరలు తీసుకుని, వేరు నూగు అందుకోలేని మట్టి సందుల్లోకి సన్నని పోగులు చాచి భాస్వరం, జింకు, కొంత నీరు తెచ్చిస్తుంది. గోధుమ, జొన్న, కంది వేళ్ళతోనూ ఇదే పొత్తు; ఆవాల వేళ్ళతో మాత్రం కుదరదు. కాబట్టి పైన వెదజల్లడం కన్నా, ఎకరాకు 5 కిలోల వామ్‌ను జల్లించిన మెత్తని పశువుల ఎరువులో కలిపి, సాలులో ముందు అది, దానిపై విత్తనం పడేలా వేయాలి. భాస్వరం అతిగా దొరికితే మొక్క ఈ శిలీంద్రాన్ని దగ్గరకు రానివ్వదు. ఒక్క డీఏపీ బస్తాలోనే 23 కిలోల భాస్వరం ఉంటుంది గనుక, భూసార పరీక్ష చూడకుండా అలవాటుగా బస్తా గుమ్మరించే పని మానుకోవాలి.

ట్రైకోడెర్మా అనే మరో శిలీంద్రం చేసే పని వేరు. అది కుళ్ళు తెగుళ్ళను అణచి వేరును కాపాడుతుంది. 2 కిలోల పొడిని 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి, నీడలో తడి ఆరకుండా వారం పది రోజులు ఉంచి, నేల తేమగా ఉన్నప్పుడు ఒక ఎకరానికి వేయాలి. విత్తనానికైతే కిలోకు 10 గ్రాములు పట్టించవచ్చు; శిలీంద్రాలను చంపే మందు కార్బెండాజిమ్ పట్టించిన విత్తనానికి మాత్రం వద్దు.

ఊడలు దిగే వేళ ఎకరాకు 200 కిలోల జిప్సం మొక్క మొదళ్ళ దగ్గర వేయాలి. కాయ తనకు కావలసిన కాల్షియాన్ని నేరుగా మట్టి నుంచే పీల్చుకుంటుంది. మట్టి ఎండితే అదీ అందదు. అందుకే తడి ఉన్నప్పుడే వేయాలి.

అంతర పంటగా కంది ఉంటే, వేరుశనగ పీకేసిన తరువాత కూడా వామ్‌కు బతికి ఉన్న వేరు దొరుకుతుంది.

వేళ్ళపై కనిపించే బుడిపెలు రైజోబియం అనే బాక్టీరియావి, వామ్‌వి కావు. వామ్ పట్టిందో లేదో కంటితో చెప్పలేము. చేనులో నాలుగు సాళ్ళకు వామ్ వేయకుండా వదిలి, బెట్టలో మధ్యాహ్నం ఏ సాళ్ళు ముందుగా వాడుతున్నాయో, పీకినప్పుడు వేటిలో తాలు కాయలు ఎక్కువో చూసి, మరుసటి ఏడు మళ్ళీ కొనాలో వద్దో తేల్చుకోవచ్చు.