పాత స్పోర్ట్స్ కారు వెనక సస్పెన్షన్ మార్చాలంటే: తిరుపతి, చిత్తూరు వాళ్లకి దరఖాస్తు విధానం

పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్లు మన ఊళ్లలో తక్కువే. ఆ కొద్దిమందిలోనూ చాలామంది చేసే తప్పు ఒకటే. ముందు షెడ్డులో పని పూర్తి చేయించేసి, తర్వాత ఆర్టీవో ఆఫీసు ముందు నిలబడి "సార్, ఇది ఆర్‌సీలో ఎక్కించాలి" అంటారు. వరస అది కాదు. కాగితం ముందు, పానా తర్వాత.

ట్రయంఫ్ స్పిట్‌ఫైర్‌నే ఉదాహరణగా తీసుకుందాం. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లో తయారైన రెండు సీట్ల బండి. మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ తయారు చేసిన హెరాల్డ్‌కి ఇది దగ్గరి చుట్టం. కాబట్టి హెరాల్డ్ మీద చెయ్యి తిరిగిన పాత మెకానిక్‌కి స్పిట్‌ఫైర్ వెనక భాగం కొత్తేమీ కాదు. అడ్డంగా ఒక కమాను కట్ట (స్ప్రింగు పనిచేసే ఇనుప ఆకుల కట్ట) ఉంటుంది. రెండు వైపులా ఇరుసులు డిఫరెన్షియల్ (ఇంజిన్ శక్తిని రెండు చక్రాలకీ పంచే గేర్ల పెట్టె) దగ్గర మాత్రమే మడతపడతాయి. చక్రం నిటారుగా పైకీ కిందకీ కదలదు, తలుపు రెక్కలా ఒక వంపులో ఊగుతుంది.

దీంతో చిక్కేమిటో తిరుమల నుంచి పాత ఘాట్ రోడ్డు దిగేటప్పుడు తెలుస్తుంది. 1944 నాటి ఆ దారి ఇప్పుడు దిగడానికే. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ వదిలేశారనుకోండి, బరువంతా ముందుకి పోతుంది, వెనక భాగం లేస్తుంది, చక్రాల అడుగులు లోపలికి ముడుచుకుంటాయి. టైరు అంచు మీద నిలబడిన కారు వెనక నుంచి జారుతుంది. స్టాండర్డ్ వాళ్లు హెరాల్డ్ తర్వాత తెచ్చిన గెజెల్‌లో ఈ గొడవంతా ఎందుకని మామూలు ఇరుసే పెట్టేశారు. ట్రయంఫ్ వాళ్లు మాత్రం రెండు మందులు కనిపెట్టారు. 1968లో తమ మరో కారు జీటీ6 రెండో మోడల్‌లో చక్రం కింద అదనంగా ఒక విష్‌బోన్ (చక్రాన్ని చాసిస్‌కి పట్టి ఉంచే చేయి), ఇరుసులో రబ్బరు కప్లింగ్ (వంగే రబ్బరు జాయింటు) పెట్టారు. 1970లో స్పిట్‌ఫైర్ నాలుగో మోడల్‌లో కమాను ఆకుల్లో చాలావాటిని మధ్యలో ఊగేలా వదిలేసి, ముందువైపు యాంటీ రోల్ బార్‌ని (బండి ఒరగకుండా ఆపే కడ్డీని) లావు చేశారు. ఊగే కమాను, లావు బార్, ఈ రెండూ కలిపే చేయాలి. కమాను ఒక్కటే మారిస్తే మలుపుల్లో బండి పడవలా ఒరుగుతుంది.

మీ దరఖాస్తు కథ మారేది ఇక్కడే. అరిగిన బుష్షులు, బేరింగులు, కమాను కట్ట తీసి అదే రకం వేస్తే అది రిపేరు, ఎవరినీ అడగక్కర్లేదు. ఊగే కమాను బోల్టులతో బిగుస్తుంది, చాసిస్‌ని ముట్టుకోదు. జీటీ6 విష్‌బోన్ పెట్టాలంటే మాత్రం చాసిస్‌కి బ్రాకెట్లు వెల్డింగ్ చేయాలి. అది పూర్తిగా వేరే లెక్క.

మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ దీనికి ఆధారం. కంపెనీ ఇచ్చిన వివరాలకి, ఆర్‌సీలో ఉన్నవాటికి తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదని అది చెబుతుంది. బండి మౌలిక లక్షణమే మారేలా నిర్మాణంలో చేసే మార్పుని 'ఆల్టరేషన్' అంటారని వివరణ కూడా ఇచ్చింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ని గట్టిగా చదివింది, అప్పటి నుంచి ఆఫీసుల్లో పట్టు పెరిగింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఆర్‌సీలో సస్పెన్షన్‌కి గడి లేదుగా అని కొందరు వాదిస్తారు. నిజమే, కానీ వీల్‌బేస్‌కి (ముందు, వెనక చక్రాల మధ్య దూరానికి) ఉంది, ఖాళీ బండి బరువుకి ఉంది. వెనక చక్రం కాస్త వెనక్కి జరిగితే చాలు, గడి తప్పినట్టే.

అందుకని బోల్టు మార్పే అయినా సరే, పనికి ముందు మీ పరిధిలోని రిజిస్టరింగ్ అధికారికి తెల్లకాగితం మీద అర్జీ ఇవ్వండి. ఏ భాగం తీస్తున్నారు, ఏది పెడుతున్నారు, చాసిస్ కోత గానీ వెల్డింగ్ గానీ ఉందా లేదా, వీల్‌బేస్, బరువు మారతాయా లేదా, నాలుగు ముక్కల్లో రాయండి. చేత్తో గీసిన బొమ్మ, ఫోటోలు, షెడ్డు వాళ్లు ఇచ్చిన అంచనా జతచేయండి. ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ నకళ్లు ఎలాగూ ఉండాలి. బండి ఫైనాన్స్‌లో ఉంటే వాళ్ల రాతపూర్వక అంగీకారం తప్పనిసరి. రసీదు ముద్ర వేయించుకోకుండా కౌంటర్ వదలొద్దు. "దీనికి అనుమతి అక్కర్లేదు" అనే జవాబు వచ్చినా కాగితం మీదే తీసుకోండి. రేపు ఇన్సూరెన్స్ కంపెనీకి చూపించాల్సింది అదే.

ఆర్‌సీలో నమోదు కావాల్సిన మార్పు అయితే కేంద్ర రవాణా శాఖ వాళ్ల పరివాహన్ సైట్‌లోనూ దరఖాస్తు పెట్టాలి. వాహన్ సేవల్లోకి వెళ్లి బండి నంబరు, చాసిస్ నంబరు చివరి ఐదు అక్షరాలు కొట్టి, ఆల్టరేషన్ సేవ ఎంచుకోవాలి. ఓటీపీ ఆర్‌సీకి కట్టిన మొబైల్‌కే వస్తుంది. ఫీజు కట్టాక తేదీకి బండిని తీసుకెళ్తే, మనవాళ్లు ఇప్పటికీ బ్రేకు ఇన్‌స్పెక్టర్ అనే ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) చూస్తారు. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీస్తారు. ముందురోజే ఆ చోట గ్రీజు, పెయింటు తుడిచి పెట్టుకుంటే ఒక ట్రిప్పు మిగులుతుంది.

పాత బండ్లకి అసలు టెన్షన్ వేరే ఉంటుంది. చేత్తో రాసిన ఆర్‌సీ పుస్తకమైతే కంప్యూటర్‌లో మీ బండే ఉండదు. మొదట రిజిస్టర్ అయిన ఆఫీసులో బ్యాక్‌లాగ్ నమోదు (పాత రికార్డుని కంప్యూటర్‌లోకి ఎక్కించడం) చేయించుకోవాలి. మా ఇంట్లో బండికి చాసిస్ నంబరులో ఒక్క అక్షరం తప్పు పడి, దాన్ని దిద్దించడానికే నెలన్నర తిరిగాం. ఏ ఆఫీసో ఇప్పుడెందుకు లెండి. తమిళనాడు నంబరు బండి అయితే, మన దగ్గర అలాంటివి చాలానే ఉంటాయి కదా, ముందు అక్కడి నుంచి ఫారం 28తో ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకుని, ఇక్కడ ఫారం 27తో కొత్త నంబరు తీసుకుని, ఆ తర్వాతే మార్పు సంగతి.

ఎలాగో అనుమతి లేకుండానే మార్పు జరిగిపోయిందా? 14 రోజుల్లోపు అధికారికి తెలియజేసి, ఆర్‌సీ అప్పగించి, ఫీజు కట్టాలని అదే సెక్షన్ అంటుంది. అంతమాత్రాన చేసిన పని ఒప్పుకుంటారని కాదు.

ఇక వింటేజ్ నంబరు. పని మొదలుపెట్టే ముందు దీని గురించి ఒక రాత్రి ఆలోచించండి. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న రెండు, నాలుగు చక్రాల బండ్లకి 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. ఫారం 20తో పాటు ఇన్సూరెన్స్, పాత ఆర్‌సీ, దిగుమతి బండికి బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్ దిగుమతి పత్రం) ఇవ్వాలి. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు, తర్వాత పునర్నమోదుకి 5,000. బండిని రాష్ట్ర కమిటీ పరిశీలిస్తుంది. ఆ నంబరుతో రోజూ తిరగడానికి లేదు. ప్రదర్శనకి, ర్యాలీకి, పెట్రోలుకి, రిపేరుకి మాత్రమే.

చాసిస్‌లో గానీ, బాడీలో గానీ, ఇంజిన్‌లో గానీ మార్పు చేసిన బండి ఈ నిర్వచనంలోకే రాదు. జీటీ6 విష్‌బోన్ కోసం వేసే ఆ నాలుగు వెల్డింగ్ చుక్కలు వింటేజ్ నంబరుకి నీళ్లొదిలినట్టే. నా మాట వింటే ఊగే కమాను, లావు బార్‌తో ఆగిపోండి. ఘాట్ దిగడానికి అది చాలు. తీసిన పాత కమాను కట్టని మాత్రం షెడ్డువాడు స్క్రాప్‌కి వేస్తానన్నా ఇవ్వకండి. గ్రీజు పూసి, గోనెసంచిలో చుట్టి ఇంట్లో పెట్టుకోండి. కమిటీ ముందుకి వెళ్లే రోజున దాన్నే తిరిగి బిగించాలి.