స్విచ్ ఆఫ్ చేసినా ఆగని టూ స్ట్రోక్ ఇంజిన్‌ని ఆపేదెట్లా?

బంగారుపాళ్యం, దామలచెరువు వైపు మామిడి తోపుల్లో వానలు పడి గడ్డి లేస్తే బ్రష్ కట్టర్లు బయటికొస్తాయి. పూత సమయంలో వీపున మోసే పవర్ స్ప్రేయర్ల వంతు. రెండిట్లోనూ తరచుగా ఉండేది చిన్న టూ స్ట్రోక్ ఇంజినే. యాక్సిలరేటర్ వదిలినా స్పీడు తగ్గకపోవడం, ఇంకా పైకెక్కుతూ పోవడం, స్విచ్ ఆఫ్ చేసినా ఆగకపోవడం ఈ ఇంజిన్లకు అప్పుడప్పుడూ వచ్చే జబ్బు. పాత ఆర్ఎక్స్ 100, చేతక్ బండ్లకూ వస్తుంది. లోడు లేకుండా అంత స్పీడులో వదిలేస్తే కాసేపటికే పిస్టన్ వేడికి సిలిండర్‌లో పట్టేసి ఇరుక్కుపోతుంది.

అలాంటప్పుడు ఎవరి చెయ్యైనా ముందు పెట్రోల్ ట్యాప్ మీదికే పోతుంది. ట్యాప్ కట్టినా కార్బొరేటర్ గిన్నెలో మిగిలిన పెట్రోలుతో ఇంజిన్ ఇంకాసేపు తిరుగుతుంది. ఆ మిగిలింది తగ్గేకొద్దీ గాలి పాలు ఎక్కువై స్పీడు ఇంకా పెరుగుతుంది, వేడీ పెరుగుతుంది. అందుకే మొదట మూయాల్సింది గాలి దారి. ట్యాప్ ఆ తర్వాత.

బ్రష్ కట్టర్ అయితే బ్లేడు మనుషులకు దూరంగా, నేలకు తగలకుండా పట్టుకుని కిల్ స్విచ్ నొక్కండి. ఆగకపోతే చోక్ లివర్ పూర్తిగా మూసేయండి. ఈ మిషన్లలో చోక్ అంటే గాలి దారికి అడ్డంపడే రేకు. గాలి ఆగి పెట్రోలు ఎక్కువగా లోపలికి పోవడంతో ఇంజిన్ మునిగి ఆగుతుంది. స్విచ్ వైరు తెగినా, యాక్సిలరేటర్ కేబుల్ ఇరుక్కున్నా, ప్లగ్ నిప్పురవ్వ లేకుండానే లోపల మండుతున్నా ఈ ఒక్క పనికి లొంగుతుంది. చోక్ విరిగిపోయి ఉంటే హవాయి చెప్పు అడుగునో, మందంగా మడిచిన గోనెపట్టనో గాలి ఫిల్టర్ నోటికి గట్టిగా అదమాలి. పల్చటి తువ్వాలు పెడితే లోపలికి లాగేసుకుంటుంది. వట్టి అరచెయ్యి పెట్టొద్దు. భయపడి మిషన్ కింద పడేస్తే బ్లేడు ఎటు గెంతుతుందో చెప్పలేం. చుట్టుపక్కల 15 మీటర్ల లోపల ఎవరూ ఉండకూడదన్న నియమం ఇలాంటప్పుడే పనికొస్తుంది.

ప్లగ్ క్యాప్ పీకితే షాక్ కొడుతుంది. పైగా లోపల బొగ్గుపొరో, ప్లగ్ మొనో ఎర్రగా కాలి దానంతటదే మండుతుంటే, క్యాప్ పీకినా ఇంజిన్ ఆగదు.

బైకుకు లెక్క వేరు. చాలా పాత బైకుల్లో చోక్ గాలిని మూయదు, అదనంగా పెట్రోలు మాత్రమే ఇస్తుంది. అందుకని టాప్ గేర్ వేసి, రెండు బ్రేకులూ గట్టిగా పట్టి, క్లచ్ మెల్లగా వదలాలి. లోడు పడి ఇంజిన్ కూర్చుంటుంది. రోడ్డు మీద పోతుండగా ఇలా జరిగితే క్లచ్ పట్టకండి, పట్టగానే లోడు పోయి ఇంజిన్ ఇంకా రెచ్చిపోతుంది. గేరులోనే ఉంచి బ్రేకులతో పక్కకు తెచ్చి ఆపండి. సముద్రంలో నడిపే పాత టూ స్ట్రోక్ జెట్ స్కీకీ చోకే మందు. ఒడ్డున పైపు నీళ్లతో కడిగేటప్పుడు ఇలా జరిగితే, ఇంజిన్ ఆగిన వెంటనే పైపు కట్టేయాలి. లేదంటే ఎగ్జాస్ట్ గుండా నీళ్లు సిలిండర్‌లోకి పోతాయి.

ఆగింది కదా అని వెంటనే మళ్లీ తాడు లాగొద్దు. అరగంట చల్లారనివ్వండి. అప్పుడు ప్లగ్ తీసి చూడండి. గోధుమ రంగయితే మంట సరిగ్గానే ఉంది. తెల్లగా, సున్నం పూసినట్టుంటే పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ. ఆ ఎక్కువ గాలి ఎక్కడినుంచి వస్తోందో వెతకడమే అసలు రిపేరు. ఎక్కువ మంది కార్బొరేటర్ విప్పి కడిగి సరిపెడతారు, జబ్బు మళ్లీ వస్తుంది.

చూడాల్సినవి: కార్బొరేటర్‌కీ సిలిండర్‌కీ మధ్య రబ్బరు, దాని బోల్టులు, సిలిండర్ కింది ప్యాకింగ్, క్రాంక్‌కు రెండు వైపులా ఆయిల్ సీళ్లు. ఇంజిన్ స్లోలో తిరుగుతుండగా ఈ జాయింట్ల మీద కార్బొరేటర్ క్లీనర్ కొంచెం చిమ్మండి, సైలెన్సర్ మీద మాత్రం పడనీయొద్దు. ఎక్కడ చిమ్మినప్పుడు శబ్దం మారుతుందో అక్కడే గాలి లీకు. మ్యాగ్నెట్ వైపు సీల్ పోతే యాక్సిలరేటర్ వదిలినా స్పీడు వెంటనే దిగదు. బైకుల్లో క్లచ్ వైపు సీల్ పోతే గేర్ ఆయిల్‌ని లాక్కుని దట్టంగా పొగ వస్తుంది, ఆయిల్ మట్టమూ తగ్గుతుంది. సీల్ మార్చేటప్పుడు రెండూ కలిపే మార్చండి. ఒక్కదానికి విప్పినా పని ఇంచుమించు అంతే.

పెట్రోల్ పైపు, ట్యాంకులోని ఫిల్టర్, ప్రైమర్ బుడ్డ (స్టార్ట్ చేసే ముందు పెట్రోలు ఎక్కించడానికి నొక్కే బుడ్డ) కూడా చూడండి. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు పాత రబ్బరు గట్టిపడి పగులుతుంది, పగులులోంచి గాలి పీలుస్తుంది. ఆ పెట్రోలు తేమనూ లాగుతుంది కాబట్టి కలిపిన ఆయిల్ పెట్రోలు నెల దాటి ఉంచొద్దు. కలిపే లెక్క మిషన్ పుస్తకంలో ఉన్నట్టే: 1:50 అంటే లీటరుకు 20 మి.లీ., 5 లీటర్లకు 100 మి.లీ. 2టీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజిన్ ఆయిల్). 1:25 అయితే లీటరుకు 40 మి.లీ. మంచిదని ఇంకా పోస్తే బొగ్గు పేరుకుంటుంది, ఎర్రబడి మండేది ఆ బొగ్గే. ప్లగ్ కూడా అసలు నంబరుదే వేయాలి. ఎన్‌జీకే కంపెనీ ప్లగ్గుల్లో 7 నంబరు ఉన్నచోట 6 వేస్తే అది ఇంకా వేడి ప్లగ్. మొనల మధ్య సందు 0.6 నుంచి 0.7 మి.మీ. చాలా బ్రష్ కట్టర్లకు సరిపోతుంది.

ఎండాకాలం తిరుపతి పక్క 40 డిగ్రీలు దాటాక సిలిండర్ రెక్కల్లో గడ్డి ఇరుక్కుంటే ఇంజిన్ అతిగా కాగడానికి వేరే కారణం అక్కర్లేదు. పైకవరు విప్పి బ్రష్‌తో తుడవండి.

చివరగా కిల్ స్విచ్. మ్యాగ్నెట్ మీద నడిచే ఈ ఇంజిన్లలో స్విచ్ కరెంటు ఆపదు, కాయిల్ కరెంటుని బాడీకి కలుపుతుంది. వైరు తెగితే స్విచ్ ఉన్నా లేనట్టే. రిపేరు అయ్యాక చోక్ లివర్ మీద వేలుంచి స్టార్ట్ చేసి, స్లోలోనే స్విచ్ ఆఫ్ చేసి చూడండి. ఒక్కసారికే ఆగితేనే యాక్సిలరేటర్ ఇవ్వండి.