హ్యాకథాన్‌కు ముందు ఒకసారి ఎనుమాముల వెళ్లి రండి

హ్యాకథాన్ అంటే ఒకటి రెండు రోజుల్లో యాప్ లాంటిది తయారుచేసి వేదికపై చూపించే పోటీ. అందులో రైతుల కోసం యాప్ చేయాలనుకుంటే, కోడ్ మొదలుపెట్టే ముందు ఒక ఉదయం వరంగల్‌లోని ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌లో గడపండి. మార్చిలో అయితే రుమాలు మరచిపోవద్దు, మిర్చి ఘాటుకు తుమ్ములు ఆగవు. బస్తాల పక్కన కూర్చున్న రైతును "మీకు ఏ యాప్ కావాలి?" అని అడగకండి, మర్యాదకు ఏదో ఒకటి చెప్పేస్తారు. "ఇంటి నుంచి బయలుదేరినప్పటి నుంచి ఏమేం జరిగింది కాకా?" అనండి. కాంటా దగ్గర ఎంతసేపు ఆగారు, తేమ చూసి ధర ఎంత కట్టారు, డబ్బు ఎప్పుడు చేతికొస్తుంది... అసలు సమస్య ఆ మాటల్లోనే దొరుకుతుంది. వేదికపై మొదటి నిమిషం ఆ రైతు రోజు గురించే చెప్పండి. మీ యాప్‌లో వాడిన కృత్రిమ మేధ (ఏఐ) సంగతి తరువాత చెప్పినా నష్టం లేదు.

అన్నట్టు, డెమోను ముందే వీడియో తీసి ఫోనులో ఉంచుకోండి. వైఫై సరిగ్గా మన వంతుకే ఆగిపోతుంది. నాకు రెండుసార్లు అలాగే అయింది.