ఏఐతో టీమ్‌లో కోడ్ రాయిస్తున్నారా? ముందు మీ రూల్స్ రాసి పెట్టండి

కోడ్ రాసే ఏఐ టూల్స్‌లో కర్సర్ మేలా, కోపైలట్ మేలా, క్లాడ్ కోడ్ మేలా అని టీమ్‌లో రోజూ వాదించుకోవడం మానేయండి. ఏది తీసుకున్నా దానికి మీ కస్టమర్ సంగతి తెలియదు. తిరుపతిలో లాడ్జి బుకింగ్ యాప్ చేసే టీమ్‌నే చూడండి. "రూమ్ బుకింగ్ రాయి" అంటే చాలు, మధ్యాహ్నం చెకిన్, మర్నాడు పొద్దున చెకౌట్ అని తనే అనుకుని చకచకా రాసేస్తుంది. ఇక్కడ చాలా లాడ్జిల్లో వచ్చిన టైమ్ నుంచి 24 గంటల లెక్క కదా, దర్శనం చేసుకుని కొండ దిగి అర్ధరాత్రి దాటాక వచ్చేవాళ్లు బోలెడుమంది.

అందుకే ఇలాంటి రూల్స్ అన్నీ రిపోలో (టీమ్ కోడ్ అంతా ఉండే చోట) ఒక ఫైల్‌లో పెట్టండి. చాలా టూల్స్‌కి ఏజెంట్స్ డాట్ ఎమ్‌డీ, క్లాడ్ కోడ్‌కి క్లాడ్ డాట్ ఎమ్‌డీ. పురాణం అక్కర్లేదు: అద్దె లెక్క ఎలా, టెస్టులు ఏ కమాండ్‌తో నడపాలి, ఏ ఫోల్డర్ ముట్టుకోకూడదు, అంతే. రూల్ మారితే కోడ్‌తో పాటు ఈ ఫైల్ కూడా అదే పుల్ రిక్వెస్ట్‌లో (మార్పులు చూసి కలపమని టీమ్‌కి పంపేది) మారాలి.

అసలు తిప్పలు టెస్టుల దగ్గర. కోడూ ఏఐ చేతే, అది సరిగ్గా పనిచేస్తుందో చూసే టెస్టులూ ఏఐ చేతే రాయిస్తే, తప్పుగా అనుకున్నదే రెండుచోట్లా రాసి అన్నీ పాస్ అని పచ్చగా చూపిస్తుంది. ముందుగా బిజినెస్ తెలిసిన మనిషి కూర్చుని, తెలుగులో అయినా సరే, ఇలా రాసివ్వాలి: "10వ తేదీ తెల్లవారుజామున 2:00కి వచ్చి 11న 1:50కి వెళ్తే ఒక రోజు అద్దె. 2:40కి వెళ్తే అరగంట గ్రేస్ దాటింది, రెండు రోజులు." ఇంకొకటి మర్చిపోవద్దు. మనకు 10న తెల్లవారుజామున 2 అంటే యూటీసీలో (సర్వర్లు మామూలుగా వాడే ప్రపంచ ప్రామాణిక సమయం) 9వ తేదీ రాత్రి 8:30. టైమ్‌జోన్ చూసుకోకపోతే ఆ డబ్బు ముందురోజు కలెక్షన్‌లో పడి, పొద్దున్నే మేనేజర్ ఫోన్ చేసి తిడతాడు.

పెద్ద పని అయితే "కోడ్ రాయొద్దు, ముందు ప్లాన్ చెప్పు" అనండి. ప్లాన్‌లో తప్పు దిద్దడం రెండు నిమిషాల పని, వెయ్యి లైన్లు వచ్చాక దిద్దడం నరకం, పైగా అంత పెద్ద పుల్ రిక్వెస్ట్ ఎవరూ చదవరు, స్క్రోల్ చేసి అప్రూవ్ కొట్టేస్తారు. చిన్న ముక్కలుగా పంపించండి. రివ్యూలో "ఇది ఎందుకు?" అని అడిగితే "అన్నా, అది ఏఐ రాసింది" అన్న జవాబు ఒప్పుకోకండి. పంపినవాడిదే ఆ కోడ్, వివరించలేకపోతే వెనక్కి పంపేయడమే.

ఏఐ ఏదైనా కొత్త లైబ్రరీ (వేరేవాళ్లు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్) పెట్టమంటే అది నిజంగా ఉందో లేదో చూసుకోండి. ఈ మోడల్స్ లేని పేర్లు కూడా ధైర్యంగా చెప్తాయి, ఆ పేర్లతోనే ఎవడో మాల్‌వేర్ (హాని చేసే కోడ్) పెట్టి కాచుకుని ఉండొచ్చు. ఇక లాడ్జి డేటాబేస్‌లో యాత్రికుల ఆధార్ నంబర్లు ఉంటాయి. బగ్ చూపించాలని ఆ వరసలు కాపీ చేసి చాట్‌లో అతికించేవాళ్లు ఉన్నారు, దయచేసి ఆ పని చేయొద్దు. దొంగ పేర్లు, దొంగ నంబర్లతో ఒక టెస్ట్ డేటా ఫైల్ చేసి రిపోలో ఉంచండి, అందరూ అదే వాడతారు.