మందుల వర్గాలు – 3వ పాఠం: బీపీ మందుల ఇంటిపేర్లు

ముందుగా కిందటి పాఠం చివర అడిగిన ప్రశ్నకు జవాబు. ఆస్పిరిన్ ఏ వర్గానికి చెందుతుంది? నొప్పి మాత్ర అని రాసినవారికి సగం మార్కులు, గుండె రోగులకిచ్చే ప్లేట్‌లెట్ల మందు అని రాసినవారికి మిగతా సగం. మందులను వర్గాలుగా విడదీసే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటీసీ పట్టికలో ఆస్పిరిన్‌కు మూడు కోడ్‌లున్నాయి: నోటి మందుల్లో ఏ01ఏడీ05, రక్తానికి సంబంధించిన మందుల్లో బీ01ఏసీ06, నాడీ మండలం మందుల్లో ఎన్02బీఏ01. రోజుకు 75 మిల్లీగ్రాములు ఇస్తే ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోకుండా చూస్తుంది. నొప్పికి, జ్వరానికి వాడాలంటే అంతకు ఎన్నో రెట్లు కావాలి. అందుకే ‘ఏ జబ్బుకు ఇస్తారు’ అన్న ప్రశ్నతో వర్గం పూర్తిగా తేలదు. ‘ఒంట్లో ఎక్కడ పట్టుకుంటుంది, అక్కడ ఏం చేస్తుంది’ అని అడిగితేనే తేలుతుంది.

ఈ ప్రశ్నతోనే ఇవాళ బీపీ మందుల్లోకి వెళ్దాం. ‘బీపీ మాత్ర’ అన్న మాట రోగికి చాలు, నర్సుకు చాలదు. ఒక బీపీ మాత్ర ఇచ్చేముందు నాడి లెక్కపెట్టాలి. ఇంకొకటి ఇచ్చేముందు పొటాషియం రిపోర్టు చూడాలి. ఆ సంగతి చెప్పేది వర్గం, ఆ వర్గాన్ని పట్టించేది మందు పేరులోని చివరి అక్షరాలు.

ఆ అక్షరాలు ఊరికే వచ్చి చేరినవి కావు. మందులకు అంతర్జాతీయంగా ఒకే జెనరిక్ పేరు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1950లో తీర్మానించింది, 1953 నుంచి ఆ పద్ధతి అమల్లోకి వచ్చింది. ఒకే రకంగా పనిచేసే మందులకు పేరులో ఒకే ముక్క పెడతారు. మన ఇంటిపేరు ముందుంటుంది, మందుల ఇంటిపేరు చాలావరకు చివర ఉంటుంది, తేడా అంతే. ఇది జెనరిక్ పేర్లకే వర్తిస్తుంది. బ్రాండు పేరు కంపెనీ ఇష్టం, దానిలో చుట్టరికాలు వెతక్కండి. స్ట్రిప్పు మీద బ్రాండు పేరుతో ఆగకుండా జెనరిక్ పేరు దాకా చదివే అలవాటు మొదటి సంవత్సరంలోనే చేసుకోండి.

మొదటి ఇంటిపేరు ‘ప్రిల్’. ఎనలాప్రిల్, రామిప్రిల్, లిసినోప్రిల్ ఈ ఇంటివి. వీటన్నిటికీ పెద్దది కాప్టోప్రిల్, అమెరికాలో 1981లో అనుమతి పొందింది. దాని పుట్టుక బ్రెజిల్‌లోని జరారాకా అనే విషసర్పంతో మొదలైంది. ఆ పాము విషంలోని కొన్ని పెప్టైడ్‌లు (చిన్న ప్రోటీన్ ముక్కలు) రక్తనాళాలను సడలించే బ్రాడీకైనిన్ అనే పదార్థం ప్రభావాన్ని పెంచుతాయని తెలిసిన తర్వాతే ఈ మందుకు దారి దొరికింది. ఈ కథ కాలక్షేపానికి చెప్పడం లేదు, దుష్ఫలితాల గుట్టు ఇందులోనే ఉంది. ఏసీఈ అనే ఎంజైము రెండు పనులు చేస్తుంది. రక్తనాళాలను బిగించే యాంజియోటెన్సిన్-2ను తయారు చేస్తుంది, బ్రాడీకైనిన్‌ను విరగ్గొడుతుంది. ప్రిల్ మందు ఆ ఎంజైమును ఆపుతుంది. మొదటి పని ఆగితే బీపీ తగ్గుతుంది. రెండో పని ఆగితే బ్రాడీకైనిన్ పేరుకుపోతుంది, కొందరికి వదలని పొడిదగ్గు పట్టుకుంటుంది. అరుదుగా పెదవులు, నాలుక, గొంతు వాస్తాయి. దగ్గు వస్తే డాక్టర్‌కు చెప్పి మందు మార్పిస్తాం. నాలుక వాచిందంటే మాత్రం అత్యవసరం, శ్వాస దారి మూసుకుపోవచ్చు. తర్వాతి మోతాదు ఇవ్వకూడదు, క్షణం ఆగకుండా డాక్టర్‌ను పిలవాలి.

దగ్గు సిరప్ మీద సిరప్ తాగుతున్న రోగి మందుల చీటీలో ‘ప్రిల్’ ఉందేమో చూడండి. కొన్నిసార్లు కారణం అక్కడే దొరుకుతుంది.

‘సార్టాన్’ ఇంటివారు పొరుగువారే. లోసార్టాన్, టెల్మిసార్టాన్ మీరు వార్డులో రోజూ చూసేవి. ఇవి ఎంజైము జోలికి పోవు, యాంజియోటెన్సిన్-2 వెళ్లి కూర్చునే చోటును ఆక్రమిస్తాయి. బ్రాడీకైనిన్ మామూలుగానే విరిగిపోతుంది కాబట్టి దగ్గు బాధ చాలా తక్కువ. ప్రిల్ పడనివారికి సార్టాన్ రాయడం అందుకే. అయితే రెండు ఇళ్లకూ ఉమ్మడి కట్టుబాట్లున్నాయి: గర్భిణులకు ఇవ్వకూడదు, రక్తంలో పొటాషియం పెరగవచ్చు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ మీద కన్నేసి ఉంచాలి. పెళ్లయిన, పిల్లలు కావాలనుకుంటున్న యువతి చార్టులో ఈ పేర్లు కనిపిస్తే నెలసరి తేదీ అడగడం మీ పనే.

మూడోది ‘లాల్’. ప్రొప్రనొలాల్, అటెనొలాల్, మెటొప్రొలాల్. ప్రొప్రనొలాల్ 1960లలో వచ్చింది. దాన్ని తయారుచేసిన జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ బహుమతి దక్కింది. ఇవి బీటా గ్రాహకాలను, అంటే అడ్రినలిన్ లాంటివి వెళ్లి కూర్చునే చోట్లను అడ్డుకుంటాయి. బీటా-1 ముఖ్యంగా గుండెలో ఉంటుంది, అందుకే నాడి నెమ్మదిస్తుంది. బీటా-2 శ్వాసనాళాల్లో ఉంటుంది, దాన్ని అడ్డుకుంటే నాళాలు బిగుసుకుంటాయి. అటెనొలాల్, మెటొప్రొలాల్ చాలావరకు బీటా-1 దగ్గరే ఆగుతాయి, ప్రొప్రనొలాల్ రెండింటినీ పట్టుకుంటుంది. ఆస్తమా ఉన్నవారికి ప్రొప్రనొలాల్ ఎందుకు ఇవ్వరో ఇక వేరే బట్టీ పట్టనక్కర్లేదు.

లాల్ ఇచ్చేముందు స్టెతస్కోపు గుండె మీద పెట్టి పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించడం ఇక్కడ పనికిరాదు. సాధారణంగా 60కి తగ్గితే మోతాదు ఆపి ఉంచి డాక్టర్‌కు చెబుతాం. హార్ట్ ఫెయిల్యూర్ రోగికి డాక్టర్ వేరే హద్దు రాసి ఉంటే ఆ హద్దే పాటించాలి. షుగర్ రోగుల విషయంలో ఇంకో మెలిక ఉంది: షుగర్ పడిపోయినప్పుడు వచ్చే గుండెదడను, వణుకును లాల్ కప్పేస్తుంది. చెమట మాత్రం పడుతుంది. ఒళ్లు చల్లబడి చెమటలు పడితే వెంటనే గ్లూకోమీటరు తీయండి. కంట్లో వేసే టిమొలాల్ చుక్కలు కూడా ఈ ఇంటివేనని గుర్తుంచుకోండి. గ్లాకోమా రోగి చుక్కల మందును మందుల జాబితాలో చెప్పడు, మనమే అడగాలి.

తెలుగులో రాసుకునేవారికి ఇక్కడొక గుంట ఉంది. లాల్ వేరు, మాల్ వేరు. ఆస్తమాకు వాడే సాల్బుటమాల్ బీటా-2ను అడ్డుకోదు, తట్టి లేపుతుంది, అంటే సరిగ్గా ఎదురు పని. పారాసిటమాల్‌కు ఈ రెంటితోనూ చుట్టరికం లేదు.

‘డిపిన్’ను త్వరగా ముగిద్దాం. ఆమ్లోడిపిన్, నిఫెడిపిన్, సిల్నిడిపిన్ రక్తనాళాల కండరంలోకి కాల్షియం వెళ్లే దారి మూసి నాళాలను సడలిస్తాయి. ఆమ్లోడిపిన్‌తో చీలమండలు వాయవచ్చు. అది ఒంట్లో నీరు నిలిచిన వాపు కాదు, మూత్రం ఎక్కువయ్యే మాత్రతో పెద్దగా తగ్గదు. కాల్షియం దారి మూసే ఈ పెద్ద కుటుంబంలోనే వెరపమిల్, డిల్టియజెమ్ ఉన్నాయి. పేరులో డిపిన్ లేదు, స్వభావమూ వేరు. అవి గుండె వేగాన్నే తగ్గిస్తాయి. లాల్ మాత్ర వాడుతున్న రోగికి వెరపమిల్ రాసి ఉంటే, ఇచ్చేముందు డాక్టర్‌తో ఒకసారి నిర్ధారించుకోవాల్సిందే.

ఇప్పుడు ఒక చార్టు చదువుదాం. ఊహించుకున్న రోగి: 58 ఏళ్ల స్త్రీ, షుగర్ ఉంది, హార్ట్ ఫెయిల్యూర్‌తో చేరారు. ఉదయం 8 గంటలకు ఇవ్వాల్సినవి: టెల్మిసార్టాన్ 40, మెటొప్రొలాల్ సక్సినేట్ 25, స్పైరోనోలాక్టోన్ 25, ఆమ్లోడిపిన్ 5. బీపీ 128/76, నాడి 52, పొటాషియం 5.6. డాక్టర్ నాడికి వేరే హద్దు రాయలేదు. రైల్స్ ట్యూబ్ (ముక్కు నుంచి కడుపులోకి వేసే గొట్టం) ఉంది.

బీపీ ఒక్కటే చూసేవారు నాలుగు మాత్రలూ దంచి ట్యూబ్‌లో వేసేస్తారు. వర్గం తెలిసినవారి చేయి మూడు చోట్ల ఆగుతుంది. నాడి 52, పైగా లాల్. పొటాషియం ఇప్పటికే ఎక్కువ, టెల్మిసార్టాన్ దాన్ని పెంచుతుంది. స్పైరోనోలాక్టోన్ మూత్రం ఎక్కువ చేసేదే అయినా పొటాషియాన్ని ఒంట్లోనే నిలుపుతుంది. ఈ మూడింటినీ ఆపి ఉంచి, అంకెలతో సహా డాక్టర్‌కు ఫోన్ చేయాలి. ‘నాడి తక్కువగా ఉందండీ’ అనకండి. ‘నాడి 52, పొటాషియం 5.6, మెటొప్రొలాల్, టెల్మిసార్టాన్, స్పైరోనోలాక్టోన్ ఇంకా ఇవ్వలేదు’ అనండి. చెప్పిన సమయం, వచ్చిన ఆదేశం చార్టులో రాయండి. నాలుగో విషయం: మెటొప్రొలాల్ సక్సినేట్ నెమ్మదిగా విడుదలయ్యే మాత్ర. దంచితే రోజంతటి మందు ఒక్కసారే ఒంట్లో పడుతుంది. నాడి బాగున్న రోజున కూడా దాన్ని దంచి ట్యూబ్‌లో వేయకూడదు, మరో రూపం రాయమని అడగాలి.

బ్రాండు పేరుకు తగిలించిన అక్షరాలనూ వదలకండి. టెల్మా-ఏఎంలో టెల్మిసార్టాన్‌తో పాటు ఆమ్లోడిపిన్ ఉంటుంది, టెల్మా-హెచ్‌లో మూత్రం ఎక్కువ చేసే హైడ్రోక్లోరోథయజైడ్ ఉంటుంది. ఇంటి నుంచి తెచ్చుకున్న స్ట్రిప్పు ఒకటి, వార్డులో రాసింది ఒకటి కలిసి ఒకే మందు రెండుసార్లు పడిపోవడం ఇలాగే జరుగుతుంది. రోగి చేరిన రోజునే సంచిలోని స్ట్రిప్పులన్నీ బయట పెట్టించి చూడండి.

మూత్రం ఎక్కువ చేసే మందులు వచ్చే పాఠంలో. ఈలోగా ఇంటి పని: ఒమెప్రజోల్, మెట్రోనిడజోల్, ఫ్లూకోనజోల్, ఆల్బెండజోల్, కార్బిమజోల్, అరిపిప్రజోల్. అన్నిటి చివరా జోల్ ఉంది, అయినా ఇవి ఆరూ ఆరు వర్గాలు. జోల్ దగ్గరే ఆగకుండా దానికి ముందున్న అక్షరాలు కూడా కలిపి చదవండి. ఒమెప్రజోల్, అరిపిప్రజోల్ రెంటిలోనూ ప్రజోల్ ఉన్నా ఒకటి కడుపులో ఆమ్లానికి, ఇంకొకటి మానసిక వ్యాధికి ఎందుకు వాడతారో, ఏ అక్షరం ఆ తేడాను పట్టిస్తుందో రాసి తీసుకురండి.