పెళ్లిసంబంధాల సైట్‌లో డబ్బు కట్టే ముందు

మాఘమాసం ముహూర్తాలు దగ్గరపడితే గుంటూరు, బెజవాడల్లో పెళ్లీడు పిల్లలున్న ఇళ్లలో హడావుడి మొదలవుతుంది. పెళ్లిళ్ల పేరయ్యకైతే సంబంధం కుదిరాకే ముట్టజెబుతాం. సైట్‌కి ముందే కట్టాలి. జాతకాలు చూసే శ్రద్ధలో పావువంతైనా ఆ డబ్బు కట్టే పేజీ మీద పెట్టండి.

ఖాతా ఎవరి నంబరుతో తెరిస్తే వాళ్లదే. నాన్నగారికి చేతకాదని మేనల్లుడి నంబరో, బ్రాడీపేటలో నెట్ సెంటర్ కుర్రాడి మెయిలో ఇచ్చేస్తారు. సంబంధం ఖాయమయ్యాక మూసేద్దామంటే ఓటీపీ వాళ్లకి పోతుంది. ఈలోగా అమ్మాయి ఫోటో అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. గుర్తింపు కార్డు అడిగితే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, అందులో మొదటి ఎనిమిది అంకెలు కనిపించవు.

అసలు చిక్కంతా ఆటోపేతోనే, అంటే ఒకసారి ఒప్పుకుంటే గడువుకోసారి మన ఖాతాలోంచి దానంతటదే డబ్బు కట్టేసే ఏర్పాటుతో. ప్లాన్ నొక్కగానే యూపీఐ తెరుచుకుంటుంది, అలవాటు కొద్దీ పిన్ కొట్టేస్తాం. ఒక్క క్షణం ఆగి తెర మీద ఉన్నది చదవండి. మామూలు చెల్లింపైతే ఎవరికి, ఎంత అనే ఉంటుంది. ఆటోపే అయితే ఎన్నాళ్లకోసారి, ఏ తేదీ దాకా, గరిష్ఠంగా ఎంత అని కూడా ఉంటుంది. ఆ గరిష్ఠం ప్లాన్ ధర కంటే పెద్ద అంకె కావచ్చు. ఒకసారి ఒప్పుకుంటే, రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 15,000 రూపాయల దాకా మళ్లీ పిన్ అడగకుండానే తీసుకోవచ్చు. 24 గంటల ముందు మెసేజ్ రావాలి. వస్తుంది, కానీ చీరల ఆఫర్ల మెసేజ్‌ల మధ్య దాన్నెవరు చూస్తారు? సైట్ యాప్ తీసేసినంత మాత్రాన ఆటోపే ఆగదు. యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగానికి వెళ్లి రద్దు చేయాల్సిందే. లేదంటే మనవడి బారసాల నాటికీ కోత పడుతూనే ఉంటుంది.

మొదట తక్కువ కాలం ప్లానే తీసుకోండి. 'పెళ్లి కుదిరేదాకా' అనే ప్లాన్ చవగ్గా కనిపిస్తుంది గానీ, రీఫండ్ షరతులు చదవకుండా కట్టొద్దు. చూపించిన ధర మీద 18 శాతం జీఎస్టీ విడిగా పడుతుందేమో కూడా చూసుకోండి.

కట్టిన మర్నాటి నుంచి ఫోన్లు మొదలవుతాయి. "అంకుల్, మంచి డాక్టర్ సంబంధం ఉంది, ఇవాళే ఆఫర్, ఈ క్యూఆర్‌కి పంపండి" అంటారు. క్యూఆర్ స్కాన్ చేస్తే ఎవరో మనిషి పేరు వస్తే అక్కడే ఆపేయండి. కట్టాలనుకుంటే సైట్‌లోకి మీరే వెళ్లి కట్టండి. రీఫండ్ కోసం పిన్ కొట్టమంటే అది మోసమే, డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు.

డబ్బు పోయిందా? వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, తర్వాత బ్యాంకుకి. మీ తప్పేమీ లేకుండా బయటివాళ్ల వల్ల పోయి, డబ్బు పోయినట్టు బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లో బ్యాంకుకి చెబితే ఆ నష్టం మీ మీద పడదని రిజర్వు బ్యాంకు 2017లో చెప్పింది. పిన్ మీరే కొట్టి పంపితే మాత్రం ఆ రక్షణ మీద ఆశ పెట్టుకోవద్దు. అలాంటప్పుడు అవతలివాళ్లు డబ్బు డ్రా చేసేలోపు ఆపించగలగాలి, కాబట్టి లావాదేవీ నంబరు, స్క్రీన్‌షాట్ చేతిలో పెట్టుకుని ఫోన్ చేయండి.