దెయ్యం వచ్చింది, ఎవరూ జడుసుకోలేదు: హారర్ షార్ట్ ఫిల్మ్ తీసేవాళ్లకి

సమస్య: దెయ్యం కనబడగానే జనం నవ్వుతున్నారు.

కారణం: మేకప్‌ని తిట్టకండి. చాలాసార్లు దెయ్యాన్ని మరీ ముందే, మరీ ఎక్కువసేపు చూపించేసి ఉంటారు. 1975లో వచ్చిన 'జాస్' షూటింగులో మెకానికల్ షార్క్ మాటిమాటికీ మొరాయించింది. దర్శకుడు స్పీల్‌బర్గ్ దాన్ని దాచేసి, నీటి మట్టంలో పెట్టిన కెమెరాతో, షార్క్‌కి తగిలించిన, నీళ్లమీద తేలే పసుపు పీపాలతో, సంగీతంతో భయపెట్టారు.

పరిష్కారం: దెయ్యం షాట్లు సగం కోసేయండి. అది వచ్చిపోయిన గుర్తు చాలు.

సమస్య: ఢామ్మని శబ్దం రాగానే ఉలిక్కిపడుతున్నారు. మరుక్షణం ఫోన్లు తీస్తున్నారు.

కారణం: ఉలికిపాటు వేరు, టెన్షన్ వేరు. బల్ల కింద బాంబు ఉందని ప్రేక్షకుడికి ముందే తెలియాలని సస్పెన్స్ సినిమాల దర్శకుడు హిచ్‌కాక్ అనేవారు. తెలియకపోతే పేలినప్పుడు ఒక్క క్షణం అదురు, అంతే. తెలిస్తే బల్ల దగ్గర పిచ్చాపాటీ కూడా నరకమే.

పరిష్కారం: పాత్రకి తెలియనిది చూసేవాళ్లకి చెప్పండి. మేం వంటింటి సీను ఒకటి తీశాం. అమ్మాయి పాలు కాస్తుంటే వెనక నుంచి భుజం మీద చెయ్యి పడుతుంది. తుస్సుమంది. రెండోసారి కెమెరాని హాల్లో స్టాండ్ మీద పెట్టి, గుమ్మంలోంచి తీశాం. ఆమె వెనక స్టోర్ రూం తలుపు రెండంగుళాలు తెరుచుకుంది. కట్ చేయలేదు. పాలు పొంగాయి, స్టవ్ కట్టేసింది, గిన్నె దించింది. తలుపు ఇంకాస్త తెరుచుకుంది. మా చిన్నత్త "వెనక్కి చూడవే!" అని అరిచేసింది. చెయ్యి షాట్ ఇక అవసరమే పడలేదు.

సమస్య: ఏం జరగబోతోందో జనం ముందే చెప్పేస్తున్నారు.

కారణం: అద్దం బీరువా మూస్తే వెనక ఎవరో ఉంటారని చిన్నపిల్లలకీ తెలుసు.

పరిష్కారం: ఆ తెలివినే వాడుకోండి. 1942 నాటి 'క్యాట్ పీపుల్'లో, రాత్రి ఒంటరిగా నడిచే అమ్మాయి వెనక అడుగుల చప్పుడు ఆగిపోతుంది. మృగం బుసకొట్టినట్టు శబ్దం... తీరా చూస్తే బస్సు! నిర్మాత పేరు మీద దీన్ని 'లూటన్ బస్' అంటారు. మీరూ అద్దం మూయించండి, వెనక ఎవర్నీ పెట్టకండి. మీ పాత్ర ఊపిరి పీల్చుకున్నాక అసలుది రానివ్వండి. అయితే ఈ ఎత్తు సినిమాకి ఒక్కసారే.

సమస్య: కెమెరా ఊగుడికి తలనొప్పి.

కారణం: అది ఎవరి చూపో మీకే తేలలేదు.

పరిష్కారం: దాక్కున్నవాడి చూపైతే అడ్డంగా కర్టెన్ అంచు పెట్టండి. ఎవరిదీ కాకపోతే కెమెరాని స్టాండ్ మీంచి దించకండి.

సమస్య: నిశ్శబ్దం పెట్టినా భయం లేదు.

కారణం: అంతకుముందు చప్పుడే లేదు కదా!

పరిష్కారం: కాసేపు ఫ్యాన్ చప్పుడు, ఫ్రిజ్ మోత విననివ్వండి. తర్వాత కరెంటు తీసేయండి.